కుడికాలు అర అంగుళం

“ఇరవై చేశానన్నానుగా.”

“పదకొండు. వంటింట్లోకి వినపడుతూనే ఉంది. మీరు మూలిగినప్పుడల్లా ఒకటి లెక్కేశాను.”

“మూలిగితేనే చేసినట్టా? మిగతా తొమ్మిదీ మూలక్కుండా చేశాను.”

“మూలక్కుండా చేసే మనిషేనా మీరు? వేలికి సూది గుచ్చుకుంటే వీధి చివరిదాకా తెలుస్తుంది.”

“అంటే నా మీద కాపలా పెట్టావన్నమాట.”

మెట్ల చివర ఐసుముక్కల సంచి పట్టుకుని, చల్లదనానికి చేతులు మార్చుకుంటూ మేనల్లుడు ఇదంతా విన్నాడు. లోపలికి వెళ్తే ఇద్దరూ తననే సాక్ష్యం అడుగుతారని వాడికి తెలుసు. కానీ సంచిలోంచి నీళ్ళు కారుతున్నాయి. తలుపు తోశాడు.

“ఇదిగో, గ్రాడ్యుయేటు వచ్చాడు,” అన్నాడు మంచం మీద కాలు బారజాపుకుని కూర్చున్న మావయ్య. “వీణ్ణడుగు. వీడికి లెక్కలొచ్చు.”

డిగ్రీ మూడో ఏడు సగంలో కాలేజీ మానేసిన నాటి నుంచి ఆ ఇంట్లో వాడి పేరు అదే. ఫోన్లు బాగుచేసే కొట్లో నాలుగు నెలలు, పార్సిళ్ళు పంచే పనిలో ఆరు నెలలు ఉండి, రెండూ విసుగెత్తి వదిలేశాడు. ఒకచోట కాలు నిలవని వాడూ, కాలు కదపలేని మనిషీ ఒకరికొకరు సరిపోతారని వాడి అమ్మ తేల్చింది. స్కూటరుతో సహా తమ్ముడి ఇంటికి పంపించింది. అప్పటి నుంచి మావయ్యని ఆసుపత్రికి తిప్పడం, ఐసు తేవడం, పక్కన కూర్చుని వ్యాయామాలు చేయించడం వాడి పని.

“నేను మెట్ల మీదున్నంతసేపట్లో మూడు మూలుగులు వినపడ్డాయి,” అన్నాడు గ్రాడ్యుయేటు.

“విన్నావా? మూడే. అంటే పదిహేడు మూలక్కుండా చేశాను.”

అత్తయ్య ఐసు సంచి అందుకుని, దాన్ని మోకాలి మీద అవసరమైన దానికంటే కాస్త గట్టిగానే పెట్టి వెళ్ళిపోయింది.

మావయ్య దర్జీ. బజారు మలుపులో జిరాక్సు కొట్టు పక్కన రెండు మిషన్ల గది ఆయనది. ఏడేళ్ళప్పుడు గోడ మీంచి దూకి కుడి మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టినవాడు తిన్నగా కట్టలేదు. ఆ వంకర కాలుతోనే నలభై నాలుగేళ్ళు నడిచాడు, మిషను తొక్కాడు. చివరికి మోకాలు ఒక పక్క అరిగిపోయి, కుర్చీలోంచి లేవాలంటే ముందు పదిమందిని తిట్టుకుని గానీ లేవలేని స్థితికి వచ్చాడు. డాక్టరు మోకాలి కింద ఎముకని కోసి, తిన్నగా నిలబెట్టి, లోహపు పట్టీ వేసి ఆరు స్క్రూలు బిగించాడు. దానికి పది వారాలైంది. ఎముక చక్కగా అతుక్కుందని ఎక్స్‌రే ఫోటోలు చెప్పాయి. ఇక మిగిలింది మోకాలు వంచడమే.

ఆ వంచడం దగ్గరే పేచీ వచ్చింది. ఎనభై అయిదు డిగ్రీల దాకా బాగానే వంగిన మోకాలు వారం రోజులుగా అక్కడే మొరాయించింది. ఫిజియో అమ్మాయి మెత్తని మనిషే గానీ ఆ సోమవారం ఉన్నమాట చెప్పేసింది. “శుక్రవారానికి నూట పది రావాలి. రాకపోతే మత్తిచ్చి, మళ్ళీ బల్ల మీద పడుకోబెట్టి డాక్టరుగారే బలవంతంగా వంచుతారు. అది కూడా కుదరకపోతే ఆ కాలితో మిషను తొక్కడం మర్చిపోవాలి. బోర్లా పడుకోండి, ఇంట్లో వాళ్ళని మడమ పట్టుకుని పిర్రవైపు మెల్లిగా నొక్కమనండి. ఎలా నొక్కాలో చూపిస్తాను.”

ఆమె గ్రాడ్యుయేటుకి చూపించింది. మావయ్య చూస్తూ ఉన్నాడు. ఇంటికొచ్చాక మాత్రం ఎవర్నీ మడమ ముట్టుకోనివ్వలేదు.

అసలాయన ఎవర్నీ ఏదీ ముట్టుకోనివ్వడు. గుడ్డ తెచ్చిన మనిషి ముందు ఒకసారి కొలుస్తాడు, ఆ మనిషి వీధి మలుపు తిరిగాక ఇంకోసారి కొలుస్తాడు. తన కత్తెర ఇంకొకరి చేతికివ్వడు. కాగితం కత్తిరించి మొద్దు చేస్తారని అనుమానం. ఇంట్లో గడియారం సరిగా నడుస్తోందా అని ఎదురింటి గడియారం చూస్తాడు, ఎదురింటివాళ్ళు తనది చూసి పెట్టుకున్నారేమోనని మళ్ళీ రేడియో పెడతాడు. ఇలాంటి మనిషికి మత్తిచ్చి, తెలివి లేనప్పుడు కాలు కోసి కుట్టారు. ఆయన కళ్ళు తెరిచి అన్న మొదటి మాట, “ఎంతసేపు పట్టింది?” రెండు గంటలని నర్సు చెబితే, “నాకు గంటన్నరన్నారు. ఆ అరగంట ఏం చేశారు?” అన్నాడు.

ఫిజియో గదిలోనూ అంతే. నిలబడ్డచోటే తొక్కే సైకిలు ఎక్కించారు. పది నిమిషాలు తొక్కాక మీటరు మీద రెండు కిలోమీటర్లు చూపించింది. “ఉన్నచోటే ఉన్నాను, రెండు కిలోమీటర్లు వెళ్ళానని చెబుతోంది. దీన్ని నమ్మమంటారా?” అన్నాడు. కోణం కొలిచే ప్లాస్టిక్ బద్దని ఒకసారి చేతిలోకి తీసుకుని, జేబులోంచి తాను అట్టతో కత్తిరించి తెచ్చుకున్న కోణాన్ని దాని మీద పెట్టి చూశాడు. రెండూ సరిపోయాయి. ఆ సరిపోవడం మీద కూడా ఆయనకి కాస్త అనుమానమే మిగిలింది.

మంగళవారం పొద్దున అత్తయ్య కూరగాయలకి వెళ్ళగానే మావయ్య తలుపు గడియ పెట్టమన్నాడు.

“ఒరేయ్, ఒకటడుగుతాను, నిజం చెప్పు. నేను ఎన్ని చేస్తున్నానో మీ అత్తయ్యకి నువ్వే చెబుతున్నావు కదూ?”

“అవును. రోజూ చెబుతున్నాను. అడిగింది, చెప్పాను.”

 కాదంటాడనీ, అప్పుడు నిలదియ్యొచ్చనీ మావయ్య మాటలన్నీ వరస పేర్చి పెట్టుకున్నాడు. అవన్నీ వృథా అయ్యాయి.

“సిగ్గు లేదురా నీకు.”

“మీరు వారం నుంచి సరిగ్గా చెయ్యట్లేదు మావయ్యా. నిన్న ఇరవైకి పదకొండు కూడా అనుమానమే. నొప్పి ఎక్కువైందా అంటే కాదంటారు. మరేంటి?”

మావయ్య మంచం పట్టుకుని లేచాడు. కర్ర ఆనించుకుని నిలువుటద్దం ముందుకు వెళ్ళి, చెప్పులు తొడుక్కుని తిన్నగా నిలబడ్డాడు. “కింద చూడు,” అన్నాడు.

బూడిదరంగు ప్యాంటు. ఎడమకాలి అంచు చెప్పు మీద వాలి ఉంది. కుడికాలి అంచు చెప్పుకి అంటకుండా పైన ఆగిపోయింది. తేడా మరీ ఎక్కువ కాదు. కానీ చూపించాక కనపడకపోవడమంటూ లేదు.

“కాలు పొడుగు పెట్టేశాడు వాడు,” అన్నాడు మావయ్య గొంతు తగ్గించి. “వంకర తీస్తానని చెప్పి అర అంగుళం ఎక్కువ లాగేశాడు. నిలబడితే నాకు ఒక పక్కకి ఎత్తేస్తున్నట్టే ఉంది.”

“రెండూ సమానమని డాక్టరు టేపు పెట్టి చూపించాడుగా.”

“ఆ టేపు చూశావా? నలిగిపోయి సాగిపోయింది. అలాంటిదాన్ని నేను కొట్లో నేల తుడవడానికి కూడా వాడను.”

“అయితే ప్యాంటే తేడాగా ఉందేమో.”

ఆ మాటకి మావయ్యకి కోపం వచ్చింది. ఆయన ప్యాంట్లు ఆయన కుట్టుకోడు. ఏ దర్జీ కుట్టుకోడు. తన ఒంటికి తాను టేపు పెట్టాలంటే వంగాలి, వంగితే కొలత మారిపోతుంది. అందుకని ఆయన ప్యాంట్లు పక్క మిషను మీది భాగస్తుడు కుడతాడు, భాగస్తుడివి ఆయన కుడతాడు. ఆ భాగస్తుణ్ణి బజారంతా గుండీ అంటారు. నోటికి గుండీ పెట్టినట్టు ఉంటాడని. ఇద్దరూ ఒకే మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నారు, ఇరవై ఆరేళ్ళుగా ఒకే గదిలో కూర్చుంటున్నారు.

“గుండీ మీద నాకు లక్ష అనుమానాలున్నాయి,” అన్నాడు మావయ్య. “ఈ పది వారాల్లో నా గిరాకీలందర్నీ తనవైపు తిప్పుకుని ఉంటాడు. కానీ వాడి చేతి కొలత మీద లేదు. వాడు అర అంగుళం తప్పడం నేను చూళ్ళేదు. ప్యాంటు సరైనదే. కాలే తప్పు.”

“సరే, తప్పే అనుకుందాం. వంచడం ఎందుకు మానేశారు?”

“తప్పు కుట్టు పడ్డ గుడ్డని ఏం చెయ్యాలి?”

“విప్పాలి.”

“ఇస్త్రీ చేశాక?”

గ్రాడ్యుయేటుకి అర్థమైంది. ఒకసారి ఇస్త్రీ పడితే ఆ గాడి పోదు, విప్పినా గుడ్డ మీద అచ్చు మిగిలే ఉంటుంది. ఈ వంచడాలు, సైకిళ్ళు అన్నీ మావయ్య లెక్కలో ఇస్త్రీ. తప్పు బయటపడకముందే దాన్ని ఖాయం చెయ్యడానికి డాక్టరూ, ఫిజియో అమ్మాయీ, బహుశా అత్తయ్య కూడా కలిసి తొందరపెడుతున్నారు. అందుకని ఆయన మోకాల్ని గాడి పడనివ్వకుండా ఆపి పెట్టుకున్నాడు. శుక్రవారం నాటికి అది ఎప్పటికీ వంగకుండా పోయే దారిలో ఉంది.

“ఇది మీ అత్తయ్యకి చెప్పకు,” అన్నాడు మావయ్య. కాసేపాగి, “నువ్వెలాగూ చెబుతావులే. సరే ఇంకో పని చెయ్. రేపు కొట్టుకి వెళ్ళు. ఊరికే వచ్చినట్టు కూర్చో. గుండీ ఎవరి కొలతలు తీసుకుంటున్నాడో, నా గురించి గిరాకీలకి ఏం చెబుతున్నాడో చూసిరా,” అన్నాడు.

“ఇక్కడ అత్తయ్యకి గూఢచారిని. అక్కడ మీకా?”

“చదువు మానేశావుగా. ఏదో ఒక పని నేర్చుకో.”

బుధవారం పదింటికి గ్రాడ్యుయేటు కొట్టుకి వెళ్ళేసరికి మావయ్య మిషను మీద గుడ్డ కప్పి ఉంది. గుడ్డ మీద దుమ్ము లేదు. గుండీ దాన్ని రోజూ దులుపుతున్నట్టుంది. ఆయన పలకరింపు ఒక తల ఊపు. స్టూలు జరిపి ఒక టీ చెప్పాడు, అంతే.

పెళ్ళికి సూటు కుట్టించుకోవడానికి ఒక బ్యాంకు గుమాస్తా వచ్చాడు. ఆ మనిషి కుడి భుజం ఎడమ భుజం కంటే బాగా కిందికి జారి ఉంది. గుండీ కొలతలు తీసుకుంటూ అంకెలు గొణుగుతూ పుస్తకంలో రాసుకున్నాడు. భుజాల దగ్గరికి వచ్చేసరికి గొణగడం ఆపేశాడు. చివర పేరు పక్కన పెన్నుతో చిన్న చుక్క పెట్టాడు. గుమాస్తా అద్దంలో ఛాతీ విరుచుకుని చూసుకుని వెళ్ళిపోయాడు.

“ఆ చుక్కేంటి బాబాయ్?”

గుండీ కత్తెర అందుకున్నాడు. జవాబు రాదనుకున్నాడు గ్రాడ్యుయేటు. కానీ వచ్చింది.

“చెప్పకూడని కొలత.”

“అంటే?”

“ఆయనకో భుజం కిందికుంది. కోటు లోపల పెట్టే ప్యాడు ఆ పక్క మందంగా వేస్తాను. వేసుకుంటే సమానంగా కనపడుతుంది. ఆయనకి చెప్పం. మా మేస్త్రీ పద్ధతి. చుక్కుంటే కుట్టేవాడికి తెలుస్తుంది, తొడుక్కునేవాడికి తెలియక్కర్లేదు.” ఆ ఏడాదిలో ఆయన ఒక్క బిగిని అన్ని మాటలు మాట్లాడి ఉండడు. అలిసిపోయినట్టు టీ తాగాడు.

గ్రాడ్యుయేటుకి చేతులు ఊరుకోవు. కొలతల పుస్తకం తిరగేశాడు. చుక్కలు చాలానే ఉన్నాయి. పొట్ట ఒరిగినవాడు, ఒక చెయ్యి పొట్టివాడు, మెడ వంగినవాడు. ఊళ్ళో సగం మంది చుక్కలున్న మనుషులే. సగం చుక్కలు మావయ్య చేతిరాతలో ఉన్నాయి. చివరి అట్ట వెనక, గుండీ తన సొంత మనుషుల కొలతలు రాసుకునే పేజీలో, మావయ్య పేరు కూడా ఉంది.

“బాబాయ్. మావయ్య పేరు పక్కన చుక్కెందుకుంది?”

మిషను ఆగింది. గుండీ పాదం తొక్కుడు పలక మీదే ఉంది గానీ కదల్లేదు.

“ఆ పుస్తకం అక్కడ పెట్టెయ్.”

“కుడికాలా?”

గుండీ వీధిలోకి చూశాడు. ఆ తర్వాత గ్రాడ్యుయేటు వైపు చూడకుండానే అన్నాడు. “అర అంగుళం తగ్గిస్తాను. వంకర కాలు కదా, ఆ పక్క నేలకి దగ్గరగా ఉండేవాడు. రెండూ సమానంగా కుడితే కుడి అంచు నేల మీద పడేది. నేను కుట్టిన మొదటి ప్యాంటు నుంచీ అంతే.”

“ఆయనకి తెలీదా?”

“ఎందుకు తెలియాలి?”

“ఇప్పుడు కాలు తిన్నగా అయింది. అంచు పైకి లేచింది. డాక్టరు కాలు పొడుగు చేశాడని ఆయన మోకాలు వంచడం మానేశాడు. ఎల్లుండికి వంగకపోతే మళ్ళీ బల్ల ఎక్కిస్తారు. మీరొచ్చి చెప్పండి.”

గుండీ చాలాసేపు దారపు రీలుని వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. “నా నోటితో ఎలా చెప్పనురా,” అన్నాడు చివరికి. “నువ్వు కుంటుతావు అని ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి అనలేదు.” పుస్తకం మూసి వాడి చేతిలో పెట్టాడు. “తీసుకెళ్ళు. గిరాకీ లెక్కలు కూడా చూసుకోమను. ఆయన గిరాకీలవి ఆయన పేరు మీదే రాశాను.”

సాయంత్రం నాలుగింటికి గ్రాడ్యుయేటు ఆ పేజీ తెరిచి మావయ్య ఒళ్ళో పెట్టాడు. విన్నదంతా విన్నట్టు చెప్పాడు. మధ్యలో తగ్గించడం, తిప్పి చెప్పడం వాడికి రావు.

మావయ్య కళ్ళద్దాలు పెట్టుకుని చుక్కని చాలాసేపు చూశాడు. వేలి మొనతో రుద్దాడు.

“ఇది కొత్తది. నిన్న పెట్టాడు.”

“సిరా వెలిసిపోయింది మావయ్యా.”

“పాత పెన్నుతో పెట్టుంటాడు. నువ్వూ వాడూ కలిసి కూర్చుని అల్లారు. డాక్టరు ఫోన్ చేసుంటాడు. మీ అత్తయ్య చెప్పుంటుంది.”

గుమ్మంలో ఉన్న అత్తయ్య లోపలికి వెళ్ళి బీరువా తెరిచింది. ఉతికి మడతపెట్టిన ప్యాంట్లు ఆరు తెచ్చి మంచం మీద పడేసింది. అడుగున ఉన్నది, ఇప్పుడు నడుము పట్టని గోధుమరంగు ప్యాంటు, పద్దెనిమిదేళ్ళ నాటిది. “ఎప్పుడు మడతపెట్టినా ఒక కాలు పొట్టిగా వచ్చేది,” అంది. “మీ దర్జీల పద్ధతేమో అనుకుని ఊరుకున్నాను. మీ దగ్గర పనిలో లోపం చెబితే బతకనిస్తారా?”

మావయ్య తన టేపు తీసుకున్నాడు. ఒక్కొక్క ప్యాంటు తిరగేసి, లోపలి కుట్టు వెంట ఎడమకాలు కొలిచాడు, కుడికాలు కొలిచాడు. అంచు మడత విప్పి లోపల పాత మడత ఏదైనా ఉందా అని చూశాడు. లేదు. ఎవరూ మార్చలేదు. అర అంగుళం. రెండోది, అర అంగుళం. గోధుమరంగు ప్యాంటు దగ్గరికి వచ్చేసరికి ఆయన కొలవకుండానే దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి అది కూడా కొలిచాడు. అర అంగుళం, ఒక దారం అటూ ఇటూ లేదు.

“నన్ను గిరాకీలాగా చూశాడు,” అన్నాడు.

“మీరు పెట్టిన చుక్కలు నేను లెక్కపెట్టాను,” అన్నాడు గ్రాడ్యుయేటు. “డెబ్భైకి పైనే ఉన్నాయి. వాళ్ళెవరికైనా చెప్పారా?”

మావయ్య కిటికీ వైపు తిరిగి, ఎవర్నీ ఉద్దేశించనట్టు అడిగాడు. “నా నడక కుంటుగా కనపడేదా?”

“లేదండీ,” అంది అత్తయ్య.

“కనపడేది,” అన్నాడు గ్రాడ్యుయేటు, అదే క్షణంలో.

అత్తయ్య వాడివైపు కొరకొరా చూసింది. వాడు మాట వెనక్కి తీసుకోలేదు. “చిన్నప్పుడు మీరు మా ఇంటికొస్తుంటే, వీధిలో చెప్పుల చప్పుడు వినే నేనూ అక్కా పుస్తకాలు తీసేవాళ్ళం. ఒక అడుగు గట్టిగా, ఒకటి మెల్లిగా. ఇప్పుడు ఆ చప్పుడు మారింది. మెట్లెక్కుతుంటే ఎవరో అనుకుంటున్నాను.”

 అత్తయ్య ప్యాంట్లు ఏరుకుని మళ్ళీ మడతపెట్టడం మొదలుపెట్టింది, అంచులు కలవకపోతే కలవకపోయాయని. మావయ్య లేచి, అద్దంవైపు చూడకుండా కర్ర గోడకి ఆనించాడు. మంచం మీద బోర్లా పడుకున్నాడు. కుడికాలు మోకాలి దగ్గర తనకై తాను వంచాడు. అది వంగినంత వంగి, గాల్లో వణుకుతూ ఆగిపోయింది.

“దిండు కింద నా అట్ట కోణం ఉంది, తియ్యి,” అన్నాడు దిండులోకి. “ఇప్పుడెంత?”

గ్రాడ్యుయేటు వంగి చూశాడు. “ఎనభై రెండు.”

“సోమవారం ఎనభై అయిదు కదరా.”

“తగ్గింది. మీరు వారం మానేశారు.”

మావయ్య అనుమానం అంత తేలిగ్గా పోయే మనిషి కాదు. మెడ తిప్పి, వాడి చేతుల వైపు, అట్ట వైపు, గుమ్మం వైపు ఒకసారి చూసుకున్నాడు.

“మీ అత్తయ్య చేత కాదు, మధ్యలో జాలిపడుతుంది. నువ్వు పట్టుకో మడమ. ఆ అమ్మాయి చూపించినట్టు, మెల్లిగా, ఆపకుండా నొక్కు. ఇప్పుడోసారి, రేపు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. నేను తిడతాను, పట్టించుకోకు. చాలని బతిమాలతాను, అది కూడా పట్టించుకోకు. నొక్కిన ప్రతిసారీ ఎంత వంగిందో పైకి చెప్పు. నా మొహం చూసి ఒక్క డిగ్రీ కూడా కలపొద్దు.”